సముద్రం పక్కన అడిగిన ప్రశ్న

పెళ్లయిన ఇన్నేళ్లలో ఉదయ్ భాస్కర్ తనంతట తాను ఎక్కడికైనా వెళ్దామన్న మనిషి కాదు. తిరుపతికైనా, చుట్టాల పెళ్లికైనా ఇంట్లోంచి బయల్దేరదీసేది జయంతే. అలాంటివాడు ఒక పొద్దున ఇడ్లీ తుంచుకుంటూ, "వచ్చే శనివారం గోవా వెళ్దాం. టికెట్లు తీసేశాను," అనేసరికి జయంతి చేతిలో చట్నీ గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఉన్నట్టుండి గోవా ఏమిటండీ?"

"ఊరికే. రెండు రోజులు. జనం పెద్దగా రాని బీచ్ అట. విమానాశ్రయానికి దగ్గర."

ఫోన్ ఆమె ముందుకు జరిపాడు. జయంతి బొమ్మలను వేళ్లతో పెద్దవి చేసి చూసింది. కొబ్బరిచెట్లు, పెంకుల వరండా, మనిషి లేని ఇసుక. ప్రశాంతమైన చోటని గొప్పగా రాసుకున్నారు. విమానాశ్రయం పక్కనే ఉందనీ అంతే గొప్పగా రాసుకున్నారు. నెత్తిమీద విమానాలు దిగేచోట ప్రశాంతత ఎక్కడిది? ఈ రెంటిలో ఒకటి అబద్ధం అనుకుంది. వాటికంటే పెద్ద అబద్ధం భర్త అన్న 'ఊరికే'లో ఉందని కూడా అనుకుంది.

అబద్ధాన్ని పసిగట్టడంలో జయంతికి చిన్నప్పటినుంచీ పేరుంది. పెద్దాపురంలో ఆమె ఇంకా పరికిణీలు కట్టే రోజుల్లో అక్కను చూడటానికి పెళ్లివారు వచ్చారు. కుర్రాడికి రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం అన్నారు. కాఫీలు తాగుతూ అతనే, "మొన్న ఆదివారం ఎంత రద్దీ అంటే భోజనానికి లేవడం కుదర్లేదు," అని చెప్పుకున్నాడు. తలుపు చాటునుంచి జయంతి, "ఆదివారం బ్యాంకు సెలవు కదా?" అంది. తల్లి ఆమెను లోపలికి లాక్కుపోయి తొడపాశం పెట్టింది. తీరా వాకబు చేస్తే అతను పనిచేసేది బ్యాంకులో కాదు, బ్యాంకు ఎదుట జిరాక్సు షాపులో. "అనుమానం పెనుభూతం, ఆడపిల్లకు అంత పనికిరాదు," అని నాయనమ్మ గొణిగితే, తండ్రి శ్రీనివాసరావు, "ఆ భూతమే ఇవాళ మన ఇల్లు కాచింది," అన్నాడు. ఆ మాటను జయంతి పతకంలా దాచుకుంది.

కాకినాడలో డిగ్రీ చేసి హైదరాబాద్ వచ్చిన జయంతికి ఆ గుణమే కూడు పెట్టింది. మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరింది. విదేశాల్లో ప్రయాణం చేసేవాళ్లు బీమా డబ్బు కోసం పంపే దరఖాస్తుల్లో నిజమెంతో తేల్చడం ఆమె పని. పోయిన పెట్టెలు, రద్దయిన విమానాలు, హోటల్ మెట్ల మీద జారిపడిన కాళ్లు. వానలో జారానని రాస్తే ఆ రోజు ఆ ఊళ్లో వాన పడిందో లేదో చూసేది. కొత్తగా చేరినవాళ్లకు, "నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు. ముక్కున పట్టి అప్పజెప్పేవాడినే పట్టుకోండి," అని చెప్పేది. ఏళ్లు గడిచి ఆమె కింద చిన్న బృందం ఏర్పడింది. బాచుపల్లిలో సొంత ఫ్లాటు అమరింది. ఒక్కగానొక్క కొడుకు బాలు ఇంటర్మీడియట్‌కొచ్చి, ఇంటికి కూతవేటు దూరంలోని కాలేజీలోనే హాస్టల్లో ఉంటున్నాడు. ఆ కాలేజీ పద్ధతే అంత. గేటు అవతలి ఇల్లయినా హాస్టల్లో ఉండాల్సిందే.

బాలు వెళ్లాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. అప్పటినుంచే ఉదయ్ మారిపోయాడని జయంతి లెక్క.

మొదట మంచం మీద పడుకునే వైపు మార్చాడు. ఎందుకంటే కిటికీ గాలి పడటం లేదన్నాడు. తర్వాత ఆఫీసు ఫోన్లు వస్తే చివరి గదిలోకి వెళ్లి తలుపేసుకోసాగాడు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తడు, 'మెసేజ్ పెట్టు' అని జవాబిస్తాడు. గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ రాడు, వచ్చినా పిల్లల్ని ఆడిస్తున్నట్టు ఓ మూల కూర్చుంటాడు. ఆమె వంటింట్లోంచి ఏదైనా చెబితే ఊఁ కొడతాడు, రెండు రోజులకు, "ఆ మాట నాకెప్పుడు చెప్పావు?" అంటాడు. గట్టిగా నిలదీస్తే, "పని ఒత్తిడి," అని తేల్చేస్తాడు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏమీ లేదు. జయంతి వేటినీ విడిగా చూసే మనిషి కాదు.

ఆఫీసులో ఆమె పక్క సీటు రేఖది. గోపన్‌పల్లి పిల్ల, నోట్లో మాట దాగదు. గోవా సంగతి చెప్పగానే రేఖ ముఖం అదోలా పెట్టింది.

"అక్కా, చెప్పొద్దనుకున్న గని ఇగ చెప్తున్న. మొన్న కింద కాఫీ షాపుల ఉదయ్ అన్నను చూసిన. ఎంబడి ఒక పిల్ల ఉండె."

"ఆయన ఆఫీసూ ఈ పక్కనే కదా, అక్కడివాళ్లయి ఉంటారు."

"అయితే అయిండ్రు. ఆ పిల్ల మొఖంల మొఖం పెట్టి మాట్లాడుతుంటే, అన్న రెప్ప గుడ కొట్టకుండ ఆమె పెదాల దిక్కే చూస్తుండు. నేను పక్కకెళ్లి పోయినా సోయి లేదు. నువ్వు పరేషాన్ గాకు. జర ఫోన్ ఒకసారి చూడరాదు?"

ఫోన్ వెతకడం జయంతికి నామోషీ. మనిషి తన మాటల్లోనే దొరకాలి, అదీ ఆమె పద్ధతి. దొరకనే దొరికాడు. ఆ వారమే ఒక సాయంత్రం బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్లింది. చివరి గది కిటికీ లోంచి ఉదయ్ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఇంట్లో ఇంకా చెప్పలేదు రసజ్ఞా. ఎలా చెప్పాలో తెలియడం లేదు. గోవాలో చెప్పేస్తాను. ఏమైనా కానీ."

జయంతి తడి ఆరని చీరను గుండెలకు అదుముకుని అక్కడే నిలబడిపోయింది. రహస్యం మాట్లాడుకునేవాడు వీధికి వినిపించేంత గొంతుతో ఎందుకు మాట్లాడతాడన్న ప్రశ్న ఆమెకు రావాల్సింది. ఇంకెవరి సంగతైనా అయితే మొదట అదే వచ్చేది.

ఆమె గోవాకు బట్టలు సర్దుకుంది. చెప్పబోయే మాటేదో సముద్రం పక్కనే చెప్పనీ, తానూ సిద్ధంగానే ఉంటుంది. అక్కకు ఫోన్ చేసి గొంతు తగ్గించి అంతా చెప్పుకుంది. రేఖతో రోజూ మాట్లాడింది, ఉదయ్ గదిలోకి రాగానే ఆపేసేది. అలా ఆపినప్పుడల్లా అతను గుమ్మంలో ఒక క్షణం నిలబడి, ఆమె ముఖం చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాడు.

శనివారం పొద్దున క్యాబ్ ఎక్కారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద డ్రైవర్ రెండుసార్లు అడిగాడు, "సార్, ఏసీ తక్కువ చేయాల్నా? సార్?" ఉదయ్ కిటికీ లోంచి గచ్చిబౌలి మేడలను చూస్తూనే ఉన్నాడు. జయంతే జవాబు చెప్పింది. చూడు, మనసెక్కడో ఉంది, ఒళ్లొక్కటే ఇక్కడ ఉంది అనుకుంది.

గోవాలో దిగాక నిజంగానే రిసార్టు దగ్గరే. రంగు వెలిసిన పెంకుల కప్పు, నాలుగైదు కుటుంబాలు, ఒక నల్ల కుక్క. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి నవ్వుతూ హిందీలో, "సర్, మీరు అన్నిసార్లు మెయిల్ పెట్టారు కదా, ఆ చివరి గదే ఉంచాం. రెస్టారెంట్ చప్పుడు కూడా అక్కడికి రాదు," అంది. ఉదయ్ తల ఊపి సామాను దగ్గరికి వెళ్లాడు. జయంతి కౌంటర్ మీదకు వంగింది.

"ఈయన ఇదివరకు ఇక్కడికి వచ్చారా?"

"తెలియదు మేడం. నేను కొత్తగా చేరాను."

ఆ జవాబుతో జయంతికి ఊరట కలగలేదు. అన్నిసార్లు అడిగి మరీ తీసుకున్న గది. ఎవరితో వచ్చి చూసుకుని వెళ్లాడు?

సాయంత్రం ఇద్దరూ నీళ్ల వెంబడి నడిచారు. అల ఆగకుండా వచ్చి పోతోంది. జయంతి ఎటు నడిచినా ఉదయ్ చుట్టూ తిరిగి ఆమెను తన కుడివైపుకు తెచ్చుకుంటున్నాడు. మొదటిసారి ఊరుకుంది, రెండోసారి కూడా ఊరుకుంది. మూడోసారి మొండికేసి ఎడమవైపే ఉండిపోయింది. ఎర్రగా దిగిపోతున్న సూర్యుణ్ని చూస్తూ, దాచుకున్న మాటను ఆమె మామూలు గొంతుతోనే అడిగేసింది.

"రసజ్ఞ ఎవరండీ?"

ఉదయ్ నవ్వాడు. "అవును," అన్నాడు. "ఇక్కడ ఇసుక గట్టిగా ఉంది. నడవడానికి బాగుంది."

జయంతికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరో మాట దాటేయడం చూసింది. ఇంత నదురూ బెదురూ లేకుండా దాటేసినవాణ్ని చూడలేదు. ఇంకో మాట మాట్లాడకుండా గిర్రున తిరిగి గదికి వచ్చేసింది. అతను వెనకాలే వచ్చి, "ఏమైంది? తల నొప్పా?" అని అడిగాడు. అవునంది.

మర్నాడు మధ్యాహ్నం ఇసుక మీద వేసిన పాక హోటల్లో భోజనానికి కూర్చున్నారు. వెయిటర్ వెనకనుంచి వచ్చి, "సర్, చేప వేయించాలా, పులుసా?" అని అడిగాడు. ఉదయ్ కదల్లేదు. వెయిటర్ ముందుకు వచ్చి మళ్లీ అడిగాడు. ఈసారి ఉదయ్ అతని నోటివంక చూసి, "రెండు ప్లేట్లు," అన్నాడు. వెయిటర్ ముఖం చిట్లించాడు. అంతలో కొండవైపునుంచి నేవీ విమానం ఒకటి బల్లల మీది గ్లాసులు అదిరేలా దూసుకుపోయింది. పాకలో ఉన్న ప్రతివాడూ తలెత్తి చూశాడు. అందరితో పాటు ఉదయ్ కూడా చూశాడు.

చప్పుడు సద్దుమణిగింది. జయంతి అతన్నే చూస్తోంది. విమానం వినపడింది, వెయిటర్ మాత్రం వినపడలేదు. కాఫీ షాపులో పెదాలవంక చూశాడట. నిన్న కుడివైపు, కుడివైపు అని తిప్పుకున్నాడు. ఆమెలోని దరఖాస్తులు తేల్చే మనిషి మెల్లగా లేచి కూర్చుంది. కొబ్బరినీళ్ల గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని, తాగుతున్నట్టే ఉండి, రోజూ మాట్లాడే గొంతుతో అంది.

"బాలు హాస్టల్లోంచి పారిపోయాడట. ఇందాకే ఫోన్ వచ్చింది."

ఉదయ్ ఆమెవైపు ఆప్యాయంగా చూశాడు. "కాసేపు ఆగి తిందాం," అన్నాడు. "ఇంకా ఆకలి వేయడం లేదు."

బాలుకు జ్వరమని తెలిస్తే పొరుగూరి నుంచి అర్ధరాత్రి బండేసుకుని వచ్చిన తండ్రి అతను. జయంతి గ్లాసు దించింది. కొబ్బరినీళ్లు బల్లమీద ఒలికాయి. కుర్చీ అతనికి ఎదురుగా లాక్కుని, ముఖం స్పష్టంగా కనిపించేలా పెట్టి అడిగింది.

"మీకు వినపడటం లేదు కదూ?"

ఉదయ్ ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, దాని వెనకున్న మనిషి మాత్రం వెళ్లిపోయినట్టనిపించింది. ఒలికిన నీళ్లను వేలితో గీశాడు. తర్వాత, "గదికి పోదాం," అన్నాడు. "అక్కడైతే నువ్వు చెప్పేది కొంచెం వినపడుతుంది. అందుకే ఆ గది తీసుకున్నాను."

గదిలోకి వచ్చి కిటికీలు మూశాడు. ఏసీ ఆపాడు, ఫ్యాన్ ఆపాడు. సముద్రం హోరు దూరమైపోయింది. ఆమెను తన కుడివైపు కూర్చోబెట్టుకుని, చెమటలు కారుతుంటే తుడుచుకుంటూ అంతా చెప్పాడు. ఎడమ చెవి దాదాపు పోయింది. కుడిచెవి తరుగుతోంది. చెవి నరం దెబ్బతిందట, మందులతో తిరిగి రాదట, మిషన్ పెట్టుకోమన్నారట. ఆఫీసులో మొదట కనిపెట్టింది కొత్తగా చేరిన రసజ్ఞ. వాళ్లమ్మకూ ఇదే జబ్బు. మీటింగుల్లో ఎవరేమన్నదీ ఆ పిల్ల ఎప్పటికప్పుడు టైపు చేసి పంపేది. ఫోన్లో ఇతను మాట్లాడినా తన జవాబు టైపు చేసే పంపేది. పెదాలు చూసి మాట పట్టుకోవడం వాళ్లమ్మకు నేర్పినట్టే ఇతనికీ నేర్పుతోంది.

"ఎవరికీ తెలియకూడదనుకున్నాను. ఫోన్లమీద నడిచే ఉద్యోగం నాది," అన్నాడు.

"నేను ఎవరినండీ? ఆఫీసు మనిషినా?" జయంతి గొంతు పెరిగింది. "ముక్కూ ముఖం తెలియని పిల్లకు చెప్పారు, నాకు చెప్పలేకపోయారా?"

"దానికి నేను చెప్పలేదు, అదే కనిపెట్టింది." కుడిచెవి తడుముకున్నాడు. "డాక్టర్ ఏమన్నాడో తెలుసా? అందరి గొంతూ ఒకేసారి పోదట. సన్నటి గొంతులు ముందు పోతాయట. ఆడవాళ్లవి, పిల్లలవి. మా మేనేజరు అరిస్తే వినపడుతుంది, కుక్క మొరిగితే వినపడుతుంది. నువ్వు మాట్లాడితే మాట్లాడుతున్నావని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నావో తెలియదు. అన్నిటికంటే ముందు నీ మాటే పోయిందని నీతో ఎలా చెప్పను?"

జయంతి కుర్చీని అతని కుడిచెవి దగ్గరికి ఇంకాస్త జరుపుకుంది.

"ముందు నువ్వే కావాలని నసుగుతున్నావనుకున్నాను," అన్నాడు మళ్లీ. "ఈమధ్య నేను రాగానే ఫోన్ ఆపేస్తున్నావు. నీకు తెలిసిపోయిందేమో, మీ అక్కతో చెవిటివాడి గురించి చెప్పుకుంటున్నావేమో అనుకున్నాను. రోజూ అదే అనుమానం."

ఆ మాటకు ఆమె తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. నీళ్లదాకా నడిచి వెళ్లి పాదాలు తడుపుకుంటూ నిలబడింది. కోపం ఉంది, అది అబద్ధం కాదు. కోపం కింద, చెప్పుకోవడానికి సిగ్గుపడే సంతోషం కూడా ఉంది, ఇంకో ఆడది లేదన్న సంతోషం. భర్త చెవులు పోతుంటే తాను సంతోషపడుతోందా అని ఆమెకే అసహ్యం వేసింది. పక్క మనిషికి మాట అందడం లేదన్న సంగతి ఏడాదిపైగా ఆమె దృష్టికి రాలేదు. గుర్తులన్నీ చూసింది. చూసినవాటిని తప్పుగా కూడింది.

తిరిగి వచ్చేసరికి అతను అదే కుర్చీలో, అదే ఉక్కలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. తాను ఏమనుకున్నదీ, రేఖ ఏమన్నదీ, నిన్న సముద్రం పక్కన అడిగిన ప్రశ్న ఏమిటో.

ఉదయ్ నోరు తెరిచాడు. "రసజ్ఞతోనా? అది నన్ను అంకుల్ అంటుంది జయంతీ! ఎన్నిసార్లు చెప్పినా సర్ అనదు."

నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వుతూనే అతను కళ్లు తుడుచుకున్నాడు. ఆమె లేచి ఏసీ వేయబోతుంటే, "ఇంకాసేపు ఉండనీ," అన్నాడు. "మాట్లాడు. ఏదో ఒకటి."

ఏం మాట్లాడాలో తోచక జయంతి పెద్దాపురం పెళ్లిచూపుల కథ మళ్లీ చెప్పింది. అతనికి అది కంఠతా వచ్చు. అయినా ఆమె నోరు చూస్తూ మొత్తం విన్నాడు.

హైదరాబాద్ వచ్చాక మొదటి పనిగా దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడా ఆమె గుణం ఊరుకోలేదు. మొదటి డాక్టర్ మాట నమ్మక ఇంకొకచోట పరీక్ష చేయించింది, మిషన్ అమ్మేవాణ్ని గంటసేపు ప్రశ్నలడిగింది. మిషన్ పెట్టుకున్న కొత్తలో ఉదయ్‌కు మిక్సీ చప్పుడు తలలో మేకు దిగినట్టుండేది. కాగితం నలిగినా ఉలిక్కిపడేవాడు. విసుగొచ్చి తీసి డ్రాయర్లో పడేశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఆఫీసులో చివరికి తానే చెప్పేశాడు. మేనేజరు మంచిగానే మాట్లాడాడు, కానీ రెండు నెలలకు క్లయింట్లతో మాట్లాడే పని తప్పించి తెరవెనక పని ఇచ్చాడు. అది మంచికో చెడుకో జయంతి ఇంకా తేల్చుకోలేదు, ఆ మేనేజరు మీద ఓ కన్నేసే ఉంచింది.

రసజ్ఞను ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. ఆ పిల్ల పప్పు రెండుసార్లు వడ్డించుకుని, "ఆంటీ, అంకుల్‌తో మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకండి, మీకా అలవాటుంది," అంది. జయంతి చెయ్యి దించింది. రసజ్ఞ వెళ్లేదాకా జయంతి ఆ పిల్ల కూర్చున్న తీరూ, ఉదయ్ నవ్విన తీరూ గమనిస్తూనే ఉంది. ఏమీ లేదని తెలుసు. తెలిసినా గమనించింది. రేఖతో ఆ మాటే అంటే, "నీ తానంల నేనున్నా గంతే జేద్దు అక్కా," అంది.

మొన్న బాలు కాలేజీలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. హాలు నిండా జనం, పైన ఫ్యాన్లు గడగడలాడుతున్నాయి. అంత గోలలో మిషన్ ఉన్నా ఉదయ్‌కు మాట తెలియదు. లెక్చరర్ బల్ల ముందు కూర్చున్నాక, ఆయన చెప్పేదాన్ని జయంతి భర్తవైపు తిరిగి మళ్లీ చెబుతోంది.

"లెక్కల్లో మార్కులు కొంచెం తగ్గాయట. ప్రాక్టీసు పెంచాలట. మిగతావన్నీ బాగానే ఉన్నాయట."

ఉదయ్ ఆమెను చూడలేదు. లెక్చరర్ నోటివంకే చూస్తున్నాడు.

"క్లాసులో నిద్రపోతున్నాడా?" అన్నాడు.

లెక్చరర్, "అవునండీ, అదే చెప్పాను," అన్నాడు. బాలు తల వంచుకున్నాడు.

"ఆ ఒక్కటీ వదిలేశావేం?" అన్నాడు ఉదయ్ భార్యవైపు తిరిగి.

"ఇంటికెళ్లాక చెబుదామనుకున్నానండీ," అంది జయంతి.

ఉదయ్ ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు.